నేలకు రాగి

సోమనర్సయ్యను నేను ఎరిగింది ఆయన చివరి ఏళ్లలో, జనగామలో. అప్పటికి ఆయన గిన్నెలకు కళాయి వేసి బతుకుతున్నాడు. నేను టెలిఫోను శాఖలో కొత్తగా చేరినవాణ్ణి. తన కథ ఆయన ఒక్క రోజులో చెప్పలేదు. కొంత ఆయన చెప్పాడు, కొంత ఆయన భార్య ఈశ్వరమ్మ చెప్పింది. ఇద్దరూ చెప్పని ముక్కలు ఒకటి రెండున్నాయి. వాటిని నేనూ అడగలేదు.

ఆయన పుట్టింది జనగామ పక్కన పెంబర్తిలో, కంచరి ఇంట్లో. ఇత్తడి, రాగి రేకులు కొట్టి గుడి తలుపులకు తొడుగులు, దొరల గడీల్లోకి పాన్‌దాన్లు చేసే ఊరది. చిన్ననాటి నుంచి రాగి ముక్క చేతికిస్తే అది కత్తెరతో తెగిందో, వంచితే విరిగిందో, అరిగిపోయిందో కొన చూసి చెప్పేవాడట. ఆ ఇళ్లలో అందరికీ వచ్చిన విద్యే కాబట్టి అదేమంత విశేషం కాదనేవాడు. తండ్రి పోయాక ఊళ్లో పని సన్నగిల్లింది. ఇరవై రెండేళ్ల వయసులో, పెళ్లయిన కొత్తలో, ఎవరో చెబితే రైలెక్కి మానుకోట వెళ్లాడు. మహబూబాబాద్‌ను ఆ వైపు వాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. అక్కడి తంతి ఆఫీసులో బ్యాటరీ గది చూసుకునే మనిషి కావలసి వచ్చాడు.

ఆ గదిలో నలభై గాజు జాడీలుండేవి. జాడీ అడుగున రాగి బిళ్ళ, దాని మీద మైలుతుత్తం పలుకులు, ఆపైన తడిపిన రంపపు పొట్టు, అన్నిటికీ పైన తుత్తునాగం, అంటే జింకు బిళ్ళ. ఒక్కో జాడీ ఇచ్చేది ఒక్క వోల్టు. నలభైని వరుసగా కలిపితే తంతి నడిచేది. రోజూ నీళ్లు చూడాలి, వారానికోసారి తుత్తునాగం గీకాలి, నీలం రంగు వెలిసిపోతే మైలుతుత్తం వేయాలి. ఆయన గోళ్ల సందుల్లో నీలి మరక ముప్పై ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా పోలేదు.

పని నేర్పింది పౌలు మేస్త్రీ. డోర్నకల్ మిషన్ బడిలో చదువుకున్న పెద్దమనిషి, మాట తక్కువ. మొదటి రోజే సోమనర్సయ్యను జాడీల వరుస ముందు నిలబెట్టి చెప్పాడు.

"గీ వరుసకు రెండు కొసలున్నయి. రాగిది ప్లస్సు, తుత్తునాగంది మైనస్సు. రాగి కొస నేలకు, తుత్తునాగం కొస తీగకు. గిది తప్పితె నువ్వు ఎంత కష్టపడ్డా ఫాయిదా లేదు."

"ఎందుకు మేస్త్రీ? ఉల్టా పెడితె తంతి కొట్టదా?"

"కొడ్తది. కొట్టుకుంటనే ఖరాబైతది."

తంతికి పోవడానికి ఒక తీగ ఉంటుంది, తిరిగి రావడానికి నేలే దారి. అందుకని ఆఫీసు వెనక గుంత తీసి ఒక రాగి రేకు పూడ్చి, బ్యాటరీ ఒక కొసను దానికి కలుపుతారు. ఆ వేసవిలో పౌలు ఆ గుంత తవ్వించి రేకు బయటికి తీశాడు. రెండేళ్ల కింద దుప్పటిలా సాపుగా పెట్టిన రేకు జల్లెడలా చిల్లులు పడి, అంచులు పచ్చగా కుళ్లి ఉంది.

"చూసినవా? కరెంటు లోహంలకెళ్లి తడి మట్టిలకు దిగే కాడ లోహాన్ని తింటది. మట్టిలకెళ్లి లోహంలకు ఎక్కే కాడ తినది. ప్లస్సు నేలకిస్తె గీ రేకును తింటది. రేకు మన చేతికందె కాడ ఉంది, తీసి కొత్తది పెడ్తం. మైనస్సు నేలకిచ్చినవనుకో, తీగను తింటది. మైళ్ల పొడుగు తీగల ఏడ తిన్నదో ఎట్ల ఎతుకుతవ్?"

నేను డిప్లొమా చదివి వచ్చినవాణ్ణి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో బ్యాటరీ నలభై ఎనిమిది వోల్టులని, దాని ముందు మైనస్ గుర్తు పెడతారని, ప్లస్సును భూమికి కలుపుతారని పుస్తకంలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. ఇంత సూటిగా మాత్రం నాకెవరూ చెప్పలేదు.

పౌలు నాలుగేళ్లకు పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి గది సోమనర్సయ్యదే.

ఆ తర్వాతి కాలం అందరికీ తెలిసిందే. ఊళ్లలో కమ్యూనిస్టుల సంఘాలు, రజాకార్లు, తగలబడిన గడ్డివాములు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం పాలన పోయింది. అంతటితో అయిపోతుందనుకున్నారు. కాలేదు. పంచుకున్న భూములను దొరలు మళ్లీ అడిగారు, తుపాకి దించనివాళ్లు అడవి పట్టారు, వాళ్లను పట్టడానికి ఊరూరా పోలీసు క్యాంపులు వెలిశాయి. కురవి అవతల ఒక దొర వదిలేసిపోయిన గడీలో అలాంటిదే ఒక క్యాంపు పెట్టారు. అక్కడికి మానుకోట తంతి ఆఫీసు నుంచి స్తంభాల మీద టెలిఫోను తీగ లాగారు. చలికాలంలోనే దాన్ని మూడుసార్లు తెంపారు. మూడుసార్లూ ఒకే చోట, తుప్పల మధ్య దారి పోయే రెండు మైళ్ల ముక్కలో. చివరికి క్యాంపు పెద్దలు ఆ రెండు మైళ్లూ తీగను నేలలో పూడ్చాలన్నారు. అదీ కాక తీగ తెగిన మరుక్షణం క్యాంపులో గంట మోగాలన్నారు. అలా మోగాలంటే తీగలో ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండాలి. పగలూ రాత్రీ, ఎవరూ మాట్లాడకపోయినా సరే.

పూడ్చే పనికి సోమనర్సయ్యను పంపారు. తవ్వే పనికి ఆ పక్కనే ఉన్న లంబాడా తండా వాళ్లను పట్టుకొచ్చారు. 1949 మే నెల, నిలువెల్లా కాలిపోయే ఎండ. అక్కడే ఆయనకు దేవ్యాతో పరిచయమైంది. ముప్పై ఏళ్లుంటాయి. తండాలో అందరికన్నా వేగంగా తవ్వేవాడు, తవ్విన చోట మట్టి రాళ్లూ వేరు చేసి పెట్టేవాడు. మూడు వారాలు ఇద్దరూ కలిసి పనిచేశారు. యుద్ధం నాటి పాత సరుకులో కొన్న, రబ్బరు తొడిగిన రాగి తీగ అది. రాళ్లకు రాసుకుని అక్కడక్కడా రబ్బరు చిట్లేది. అతుకుల దగ్గర సోమనర్సయ్య టేపు చుట్టి తారు పూసేవాడు, దేవ్యా తీగ బిగబట్టి ఉంచేవాడు. మధ్యాహ్నం దేవ్యా భార్య గోరీ జొన్నరొట్టెలు తెచ్చేది. వెంట నాలుగేళ్ల కూతురు నీలి వచ్చేది. టేపు అయిపోయిన చుట్టలు ఏరి గాజుల్లా చేతికి వేసుకునేది.

ఒకరోజు రొట్టె తింటూ దేవ్యా అడిగాడు. "మేస్త్రీ, గింత పెద్ద తీగను నేలల పెడ్తున్నం. వాన పడితె నేల దీన్ని తినదా?"

ఆ ప్రశ్న తనను ఆఫీసులో ఒక్క బాబూ అడగలేదని సోమనర్సయ్య నాతో అన్నాడు. పౌలు చెప్పిందంతా దేవ్యాకు చెప్పాడు.

"తింటది. రబ్బరు చినిగిన కాడ తింటది. అయితె నేను నేలకు రాగి కొస ఇస్త. అప్పుడు మా ఆఫీసెన్క రేకును తింటది గని నీ తీగ జోలికి రాదు."

"ఉల్టా ఇస్తె?"

"నాలుగు వానలకు తీగ పుటుక్కుమంటది."

దేవ్యా తల ఊపి, ఆ మాటను లంబాడీలో గోరీకి చెప్పాడు. ఆమె నవ్వింది.

జూన్ మొదటి వారంలో తీగ కలిపారు. కలిపిన గంటకే క్యాంపు నుంచి జీపు వచ్చింది. అందులోంచి దిగింది సిగ్నల్ పని చూసే జమేదారు. ఆయనది తెలుగు ప్రాంతం కాదు, వచ్చీరాని ఉర్దూలో మాట్లాడేవాడు. క్యాంపులో గంట పెట్టెకు సూది ఉందని, అది కుడికి వాలవలసింది ఎడమకు వాలుతోందని, తీగ బాగానే ఉన్నా గంట ఆగకుండా మోగుతోందని చెప్పాడు. బ్యాటరీ గదిలోకి వచ్చి చూశాడు.

"నువ్వు ఉల్టా కలిపావు. నా జీపు చూడు. మైనస్ ఇనుప బాడీకి ఉంటుంది. ఇక్కడా మైనస్సే నేలకు పోవాలి. మార్చు."

"సాబ్, మీ పెట్టెల రెండు మరల కింది తీగలు అటుదిటు మార్చుకుంటె సూది సీదా అయితది. ఈడ మారిస్తె నేలల ఉన్న తీగ ఖరాబైతది."

"పెట్టె సర్కారుది. దాని మీద చెయ్యి వేయను. నువ్వు మార్చు."

"సాబ్, వానలు పడితె..."

జమేదారు ఆయన ముఖంలోకి చూసి అడిగాడు. "నువ్వు సంఘం మనిషివా?"

ఆ రోజుల్లో ఆ ఒక్క మాటకు మనుషులు మాయమయ్యేవాళ్లు. పక్క గదిలో తంతి బాబు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. సోమనర్సయ్య తన చేత్తోనే మరలు విప్పి రాగి కొసను తీగకు, తుత్తునాగం కొసను నేలకు మార్చి బిగించాడు. జీపు వెళ్లిపోయింది. క్యాంపులో గంట ఆగింది.

ఇంటికి పోయి ఈశ్వరమ్మతో చెప్పాడు. ఆమె అప్పుడు కడుపుతో ఉంది. "వాళ్ల తీగ, వాళ్ల ఇష్టం. నీకెందుకు?" అంది. ఆ మాట తానే అన్నానని ఆమె నాతో ఒప్పుకుంది. దాని గురించి ఆమెకు చాలా ఏళ్లు నిద్ర పట్టలేదు.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. జూలై అంతా నేల బురదే. సోమనర్సయ్య రోజూ జాడీలు చూసేటప్పుడు మీటరు పెట్టి కరెంటు కొలిచేవాడు. మొదట్లో ఉన్నదానికన్నా కొద్దికొద్దిగా ఎక్కువ పారుతోంది. అంటే ఎక్కడో రబ్బరు చిట్లిన చోట మట్టిలోకి కారుతోంది. ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు మొదట్లో ఒకరోజు మిట్టమధ్యాహ్నం క్యాంపులో గంట మోగింది. క్యాంపు వాళ్లు రెండు లారీల్లో బయలుదేరి, దారి పొడుగునా అక్కడక్కడా తవ్వించి చూసి, సాయంత్రానికి తెగిన చోటు పట్టుకున్నారు. అది దేవ్యా తండాకు నాలుగు అడుగుల్లో ఉన్న వరి మడి గట్టు కింద. నేల పైన తవ్విన గుర్తు లేదు. అయినా ఆ చోటు తెలిసినవాడు, ఆ తీగ పూడ్చినవాడు దేవ్యా. అతణ్ణి కట్టేసి తీసుకుపోయారు. తండాకు నిప్పు పెట్టారు. అక్కడి జనాన్ని క్యాంపు పక్కన ముళ్లకంచె వేసిన మైదానంలోకి తోలారు. అడవి అంచు తండాలన్నిటికీ ఏదో ఒకనాడు ఆ పని చేద్దామనే ఉన్నారు. ఈ తీగ సాకు అయింది.

మర్నాడు పొద్దున తీగ అతకడానికి సోమనర్సయ్యను జీపులో తీసుకువెళ్లారు. తండా ఉన్న చోట తడి బూడిద, పగిలిన కుండలు, కాలీ కాలని వాసాలు. ఆయన గట్టు కింద గుంతలో కూర్చుని తీగ కొన చేతిలోకి తీసుకున్నాడు. కత్తెరతో తెగిన కొన నొక్కుకుపోయి, మెరుస్తూ ఉంటుంది. ఇది సూదిలా సన్నబడి, నల్లబడి ఉంది. చుట్టూ జానెడు మేర మట్టి పచ్చగా మారింది. రాగి ఆ మట్టిలోకి వెళ్లిపోయింది. రెండో కొన కూడా అంతే. కంచరి ఇంట్లో పుట్టినవాడికి దాని గురించి రెండో ఆలోచన అక్కర్లేదు.

కాపలా ఉన్న పోలీసు బీడీ కాలుస్తూ మాటల్లో అన్నాడు. "రాత్రి నుంచి వాడు ఒకటే పాట పాడుతున్నాడట. 'నేను కొయ్యలే, నేల తిన్నది, నేల తిన్నది' అని. ఎకసెక్కాలాడుతున్నాడని ఇంకా నాలుగు ఎక్కువ తగులుతున్నాయి."

కట్టేసి తీసుకుపోయే ముందు, తెగిన కొన దొరికిన చోటికి దేవ్యాను తీసుకొచ్చి చూపించారట. ఆ పచ్చటి మట్టి చూడగానే అతనికి మేస్త్రీ చెప్పింది గుర్తొచ్చి ఉంటుంది.

సోమనర్సయ్య మూరెడు కొత్త తీగ వేసి అతికాడు. పాత కొనలు రెండూ కోసి జేబులో వేసుకున్నాడు. జీపెక్కి తిరిగి వచ్చాడు.

ఆ రోజు మాట్లాడలేదు. రెండో రోజూ మాట్లాడలేదు. "ఏం చెప్పినా ముందు అడిగేది, నేలకు తుత్తునాగం ఎవడు ఇచ్చిండని. ఇచ్చింది నేనే గద" అన్నాడు నాతో. ఈశ్వరమ్మ ఆ రెండు రోజులూ ఆయన అన్నం ముట్టలేదని చెప్పింది. మూడో రోజు పొద్దున స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని, పది మైళ్లు నడిచి క్యాంపుకు వెళ్లాడు.

క్యాంపు మీద పెత్తనం ఇన్‌స్పెక్టరుది. కోస్తా నుంచి వచ్చిన మనిషి. కేకలు వేసే రకం కాదు. సోమనర్సయ్య తీగ కొనలు రెండూ ఆయన బల్ల మీద పెట్టి, గబగబా మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు. "ఏమయ్యా, నీ భాష నాకు సగం అర్థం కావడం లేదు. తీగను ఎవరూ కొయ్యలేదంటావు. అంతేనా?"

"అంతే సాబ్. కరెంటు తిన్నది. కావాలంటె చూపిస్త. మా ఆఫీసుకు రాండ్రి. ఒక్క దినంల చూపిస్త."

ఇన్‌స్పెక్టరుకు మర్నాడు మానుకోటలో ఎలాగూ పని ఉంది. వచ్చాడు. వెంట జమేదారూ వచ్చాడు. సోమనర్సయ్య ఒక మట్టి మూకుడులో ఆ వరి మడి నుంచే తెచ్చిన తడి మట్టి పోసి, సన్నటి కొత్త రాగి తీగ ముక్కలు రెండు అందులో గుచ్చాడు. ఒకదాన్ని జాడీల ప్లస్సు కొసకు, ఇంకోదాన్ని మైనస్సు కొసకు కలిపాడు. "పొద్దు వాలెదాక ఉండనియ్యిండ్రి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు గదికి తాళం వేయించి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

సాయంత్రం తాళం తీసి చూశారు. మైనస్సుకు కలిపిన ముక్క పెట్టినట్టే ఉంది. ప్లస్సుకు కలిపిన ముక్క మట్టిలో ఉన్నంత మేరా లేదు. పైన మిగిలిన కొన సూదిలా ఉంది, మట్టి పచ్చబడింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి పాత కొనలు తీసి పక్కన పెట్టి చూశాడు.

"సరే, నమ్మాను" అన్నాడు చివరికి. "మరి ప్లస్సును తీగకు కలిపింది ఎవరు?"

"నేనే. జమేదార్ సాబ్ మార్చమన్నరు. వద్దని చెప్పిన."

జమేదారు తాను అలాంటి మాటే అనలేదన్నాడు. ఇన్‌స్పెక్టరు తంతి బాబును పిలిచి అడిగాడు. బాబు నేల చూపులు చూస్తూ, ఆ రోజు తాను పనిలో ఉన్నానని, ఏమీ వినలేదని అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మిగతావాళ్లను బయటికి పంపి, సోమనర్సయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ జమేదారు పేరు రాస్తే ఈ కాగితం పైకి వెళుతుంది. విచారణ అంటారు, అది నెలలు పడుతుంది. అంతదాకా ఆ లంబాడీవాడు లోపలే ఉండాలి, ఎలా ఉంటాడో నేను చెప్పలేను. నీ వల్ల పొరపాటు జరిగిందని నువ్వు రాసిస్తే రేపే వదిలేస్తాను. నీకు ఉద్యోగం పోతుంది. జైలు లేకుండా చూస్తాను. ఆలోచించుకో."

సోమనర్సయ్య ఆలోచించలేదు. కాగితం ఇమ్మన్నాడు. మరలు తప్పుగా బిగించింది తానేనని, అది తన అజాగ్రత్త అని, ఎవరి ప్రమేయమూ లేదని తెలుగులో రాసి సంతకం చేశాడు. ఆ తర్వాత తంతి ఆఫీసులో ఆయన చేసిన చివరి పని, రాగి కొసను తిరిగి నేలకు కలపడం. సూది సంగతి జమేదారే క్యాంపులో రెండు మరలు మార్చి చూసుకున్నాడు. దానికి రెండు నిమిషాలు పట్టింది.

మర్నాడు దేవ్యాను వదిలేటప్పుడు సోమనర్సయ్య క్యాంపు గేటు దగ్గర నిలబడ్డాడు. దేవ్యా రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. వేళ్లు విరిచింది రెండో రోజు. అంటే సోమనర్సయ్య ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్న రోజు.

దేవ్యా ఆయన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. "మేస్త్రీ, నేలనే గదా తిన్నది?"

"నేలనే."

"నేను గదే చెప్పిన. ఎవ్వలు నమ్మలే."

కొసలు ఉల్టా చేసింది తానేనని చెప్పడానికి అదే సమయం. సోమనర్సయ్యకు నోరు రాలేదు. దేవ్యా ముళ్లకంచె వైపు వెళ్లిపోయాడు.

సోమనర్సయ్య పెంబర్తికి తిరిగి వచ్చాడు. ఈశ్వరమ్మకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. తర్వాత పిల్లలు కలగలేదు. ఊళ్లో పని లేదు. జనగామకు మారి, బజారు చివర కొలిమి పెట్టుకుని కళాయి వేయడం మొదలుపెట్టాడు. 1951లో పోరాటం ఆగిపోయింది, క్యాంపులు ఎత్తేశారు, కంచెలు తీసేశారు. కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్లినప్పుడల్లా ఆయన ఆ తండా వైపు నడిచి చూసేవాడు. అక్కడ ఎవరూ తిరిగి రాలేదు. దేవ్యా వాళ్లు గోరీ అన్న చత్రు దగ్గరికి, భూపాలపల్లి అడవిలోకి వెళ్లిపోయారని ఒక గొర్రెల కాపరి చెప్పాడు.

1956 ఎండాకాలంలో ఆయన అక్కడికి బయలుదేరాడు. పరకాల దాకా బస్సు, ఆపైన కట్టెల బండి మీద కొంత, నడిచి కొంత. రెండు రోజులు పట్టింది. అడవి కొట్టి చేసుకున్న చిన్న జొన్న చేను పక్కన నాలుగు గుడిసెలు కనబడ్డాయి. దేవ్యా చెట్టు నీడలో కూర్చుని మేకలు చూస్తున్నాడు. వేళ్లు పక్షి కాళ్లలా ముడుచుకుపోయి ఉన్నాయి. తలంతా నెరిసింది. సోమనర్సయ్యను చూసి నవ్వి, కూర్చోమని మంచం చూపించాడు. గోరీ గుడిసె గుమ్మంలో నిలబడింది.

"నీలి ఏది? పెద్దగైంది గావచ్చు" అన్నాడు సోమనర్సయ్య.

దేవ్యా మేకల వైపు చూశాడు. గోరీ చెప్పింది. "కంచెల ఉన్నప్పుడే పోయింది. వానల పైన కప్పు లేకుండె. జరం వచ్చింది. మూడు దినాలు."

సోమనర్సయ్య తాను వచ్చిన పని చెప్పాడు. జీపు రావడం, జమేదారు అడిగిన మాట, తన చేత్తో మరలు తిప్పడం, కరెంటు కారుతోందని రోజూ మీటరులో చూస్తూ ఊరుకోవడం, తీగ కొన జేబులో పెట్టుకుని రెండు రోజులు ఇంట్లో కూర్చోవడం. ఏదీ దాచలేదు.

దేవ్యా తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ విన్నాడు.

గోరీ గుమ్మం దిగి వచ్చింది. "నీకు ముందుగాల్నే ఎరికనా?"

"ఎరికె."

"గా సూదులు, మరలు మాకేం తెల్వది. ఈయన నీ మాట నమ్మిండు. దెబ్బలు తినుకుంట గుడ నీ మాటనే చెప్పిండు. గా మాట నీ నోట్లకెళ్లి గా దినమే ఎందుకు రాలె?"

"భయమైంది."

"మాకు గాలేదా?"

ఆమె గొంతు పెంచలేదు. అప్పుడు దేవ్యా మాట్లాడాడు.

"మేస్త్రీ, నువ్వు గింత దూరం గీ మాట చెప్పనీకె వచ్చినవా?"

"అవు."

"చెప్పినవ్ గదా" అన్నాడు దేవ్యా. ఆ మాటలో కోపం ఉందో, క్షమ ఉందో, ఇక చాలనే అలుపు ఉందో తనకు తెలియలేదని సోమనర్సయ్య నాతో అన్నాడు. మళ్లీ మళ్లీ తలుచుకున్నా తెలియలేదట.

గోరీ లోపలికి వెళ్లి ముంత నిండా నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. చేతికి ఇవ్వలేదు. "చీకటి పడకముందు ఊళ్లెకు జేరు. ఈడ అడివి" అంది. ఆయన నీళ్లు తాగి లేచాడు. దేవ్యా లేవబోయి, చేతులు నేలకు ఆనించలేక మళ్లీ కూర్చున్నాడు. చత్రు వచ్చి బండి దారి దాకా తోడు నడిచాడు.

జనగామకు వచ్చాక ఈశ్వరమ్మ ఏమైందని అడిగితే, "కలిసిన" అన్నాడు, అంతే. రెండేళ్లకు దేవ్యా పోయినట్టు కబురు తెలిసింది. గోరీ ఏమైందో ఎవరూ చెప్పలేదు. సోమనర్సయ్య ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు బతికాడు. బజారు వాళ్లకు ఆయన కళాయి వేసేవాడిగానే తెలుసు. 1977 చలికాలంలో దగ్గు పట్టుకుంది. దవాఖానకు పోదామంటే వద్దన్నాడు. పోయిన రోజు నేను వెళ్లేసరికి ఈశ్వరమ్మ కొలిమిలో నిప్పులు ఆర్పుతోంది. ఎవరివో మూడు గిన్నెలు కళాయి కాకుండానే మిగిలాయని, వాటిని వాళ్ల ఇళ్లకు చేర్చి రమ్మని నన్ను అడిగింది. చేర్చి వచ్చాను.